మిషన్ కట్టిన రోజు

“రోజూ ఏం చేస్తారో అవన్నీ చెయ్యాలి. పెట్టె ఉందని పడుకోకూడదు. నీళ్లు మాత్రం తగలనివ్వకండి” అంది డాక్టర్ ఉష, మునిలక్ష్మమ్మ ఎద మీద అతికించిన తీగల్ని నడుముకు కట్టిన చిన్న పెట్టెకు కలుపుతూ.

“దాంట్లో ఏముండాది డాక్టరమ్మా?” అన్నాడు వెంకటేశులు. భార్య రెండోసారి కళ్లు తిరిగి పడిపోయినప్పుడు బామ్మర్ది వచ్చి నలుగురిలో నిలదీశాడు. అందుకని తంబళ్లపల్లె నుంచి మదనపల్లెకు బస్సెక్కించి తెచ్చాడే గాని, అతని దృష్టిలో అది జబ్బు కాదు, వేషం.

“గుండె పైగదుల్లో ఒకచోట సన్నగా కరెంటు పుడుతుందండీ. దానితోనే గుండె కొట్టుకుంటుంది. ఈమెకు అది మధ్యమధ్యలో ఆగిపోతోందని నా అనుమానం. రేపటిదాకా గుండె ఎట్లా కొట్టుకుందీ ఈ పెట్టె పట్టి ఉంచుతుంది. ఆగడం నిజమైతే బెంగుళూరుకు పంపి పేస్‌మేకర్ పెట్టించాలి. అంటే గుండెకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ. ఏమీ లేకపోతే బలానికి మాత్రలు రాసిస్తాను.”

“మా బోర్లకే పగలు కరెంటు రాదు. ఈమె గుండెకు యాడ్నించి వస్తాది?” అని వెంకటేశులు తన మాటకు తానే నవ్వాడు. డాక్టర్ నవ్వలేదు.

తిరుగు బస్సులో అతనికీ నవ్వు రాలేదు. టమోటా కోతకొచ్చింది. ఇప్పుడు బెంగుళూరంటే కూలోళ్లకు రాగిసంగటి ఎవరు కెలకాలి? ఆవును ఎవరు పితకాలి? నడిరాత్రి కరెంటొస్తే లేచిపోయి మోటారు ఎవరు వెయ్యాలి? ఊరు దగ్గరపడేసరికి దారి దొరికింది. పని చేస్తేనే గదా కళ్లు తిరిగేది. పనే చెయ్యకపోతే పెట్టెకేం దొరుకుతుంది?

“మే, పోయి పడుకో” అన్నాడు గడపలోనే.

“పని చెయ్యమని గదప్పా డాక్టరమ్మ చెప్పింది.”

“తీగ ఊడిందంటే మిషన్‌కు ఎవరు జవాబు చెప్పేది? నువ్వు కదలొద్దు. పని నేను చూస్తా.”

“నువ్వా?”

“యాల, నాకు చేతులు లేవా?”

మునిలక్ష్మమ్మ ఆ చేతుల వైపు చూసింది. పంచాయతీల్లో ఊపడానికి తప్ప అవి ఇంట్లో ఎందుకూ లేచినవి కావు. వెళ్లి మంచమెక్కింది.

సంగటి అడుగంటింది. పైన ఉన్నది ఉడకలేదు. “ఇది తినేదా, గోడకు మెత్తేదా అప్పా?” అని కూలికొచ్చిన ఒకామె అడిగింది. బిందె చంకన పెట్టుకోవడం చేతగాక భుజానికెత్తుకుని, సగం నీళ్లు బిందెలోనూ సగం చొక్కాలోనూ ఇంటికి తెచ్చాడు.

సాయంత్రం ఆవు దగ్గర కూర్చున్నాడు. అది ఒక్క తన్ను తన్నింది. చెంబొక పక్క, వెంకటేశులొక పక్క.

“అది మనిషిని చూస్తాదప్పా. నన్ను రమ్మంటావా?” అంది లోపల్నుంచి మునిలక్ష్మమ్మ.

“పడుకోమంటే పడుకోవేం?” అని కసిరాడు.

ఆ తర్వాత ఎట్లా పితికాడో గాని, చెంబు నిండా పాలు తెచ్చాడు. పక్కింటి విజయమ్మ గోడ మీదుగా తొంగిచూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వెయ్యడానికీ అతనే లేచాడు. మునిలక్ష్మమ్మకు మెలకువ కూడా రాలేదు. కాపురానికొచ్చినాక తెల్లవార్లూ నిద్రపోవడం ఆమెకదే మొదలు. పొద్దున బయల్దేరేటప్పుడు, దండెం మీది తన పచ్చచీర అంచుకు పేడ అంటుకుని ఉండటం చూసింది. గోడ మీదుగా విజయమ్మ ఆమె చెవిలో ఏదో ఊది నవ్వింది.

డాక్టర్ పెట్టె విప్పి, అందులోని రికార్డును కంప్యూటర్‌లో చూడటం మొదలుపెట్టింది. వెంకటేశులు ఆవలిస్తూ కూర్చున్నాడు.

“ఏమీ ఉండదులే డాక్టరమ్మా. మాత్రలు రాసీండి, బస్సుకు పోవాల.”

డాక్టర్ తెరను అతని వైపు తిప్పింది. వరసగా చిన్న చిన్న గుట్టలు. ఉన్నట్టుండి చదునుగా ఒక గీత. మళ్లీ గుట్టలు.

“ఇక్కడ పైగది నుంచి కరెంటు రాలేదు. గుండె కొన్ని సెకన్లు ఆగింది. ఇదిగో, ఇక్కడా. ఇక్కడా. అన్నీ నిద్రలోనే.”

“నిద్రలోనా?”

“పని చేస్తున్నంతసేపూ ఒళ్లు గుండెను తరుముతూ ఉంటుంది. అది ఎట్లాగో నెట్టుకొస్తుంది. అసలు సంగతి విశ్రాంతిలో బయటపడింది. రోజూలాగే మధ్యలో లేచి తిరిగుంటే ఇంత స్పష్టంగా దొరికేది కాదేమో. నేను పని చెయ్యమన్నా మీరే పట్టుబట్టి పడుకోబెట్టారట. ఇట్లాంటి భర్తలు నాకు ఎక్కువగా కనబడరు.”

వెంకటేశులు ఆవలింత సగంలో ఆపి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“ఆలస్యం చెయ్యకుండా బెంగుళూరుకు తీసుకెళ్లండి. బ్యాటరీ పెట్టినాక కొన్ని వారాలు ఈమె ఎడమ చెయ్యి పైకెత్తకూడదు, బరువులు మొయ్యకూడదు. ఇంట్లో పని చూసుకునేవాళ్లున్నారా?”

వెంకటేశులు ముఖంలోకి ప్రాణం వచ్చింది. “అదే గదా డాక్టరమ్మా. సంగటో నీళ్లో అంటే ఎట్నో అవస్థ పడొచ్చు. మా ఆవుండాది సూడండి, ఈమె తప్ప ఇంకెవరు చెయ్యేసినా తంతాది. మొగోడ్ని దగ్గరికే రానీదు. కోతలైనాక తీసకపోతాలే.”

డాక్టర్ మునిలక్ష్మమ్మ వైపు చూసింది. మునిలక్ష్మమ్మ పైట సర్దుకుంది.

“ఆవుకేం దిగుల్లేదు డాక్టరమ్మా. పొయ్యేటప్పుడు నా పచ్చచీర ఆయప్పకే ఇచ్చేసి పోతా. నిన్న అది కట్టుకోని కూర్చుంటే ఆవు తోక కూడా ఆడించలేదంట.”