ఎవరిచ్చిన ఖో

"ఖో ఎవరిచ్చారే నీకు?" విజిల్ నోట్లోంచి తీసి అడిగారు పీఈటీ ధనరాజ్ సారు.

తాయారు తన గడి వదిలి రెండడుగులు ముందుకొచ్చి నిలబడి ఉంది. తరుముతున్న రాగసుధ ఇంకా అవతలి స్తంభం దగ్గరే ఉంది. ఖో అందకుండా లేస్తే ఫౌల్. ఈ సాయంత్రం తాయారు ఇలా లేవడం ఇది రెండోసారి.

"ఇచ్చినారు సార్. ఈపు మీద సెయ్యేసి మరీ ఇచ్చినారు."

"రాగసుధా, నువ్వా?"

"నేనిక్కడున్నాను కదా సార్. అంత పొడుగు చెయ్యి నాకెక్కడిది?" అంది రాగసుధ.

అందరూ నవ్వారు. తాయారుకి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. రేపు కోటబొమ్మాళిలో జోనల్ పోటీలు. వరికోతల్లో కొడవలి తగిలి ఆమె కుడిచేతి చిటికెన వేలు సగం పోయింది. బంతి నిలవదని వాలీబాల్ వాళ్లు వద్దన్నారు. పట్టు చాలదని కబడ్డీ వాళ్లు వద్దన్నారు. మిగిలింది ఖోఖో ఒక్కటే. అందులోనూ నిన్నమొన్నటిదాకా నీళ్ల సీసాలు అందించడం, ఎదుటి పక్షానికి మనిషి తక్కువైతే పరిగెత్తడం, అంతే. పోయిన నెల ఝాన్సీ కాలు విరగబట్టి జట్టులో చోటు దొరికింది.

ఝాన్సీ కూడా ఈ మూడో గడిలోంచే లేచింది. లేచి, దూసుకొస్తున్న పిల్లను గుద్దుకుని పడింది. ఆ రోజు ఎదుటి పక్షానికి ఒకరు తక్కువై తాయారు కూడా పరిగెత్తింది. ఎవరో ఖో ఇస్తేనే లేచానని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. అప్పటినుంచి ఆ గడిలో కూర్చోమంటే అందరికీ ఏదో ఒక నొప్పి వచ్చేస్తోంది. "దెయ్యమూ నేదు, గియ్యమూ నేదు. నాను కూకుంతాను సార్" అని ముందుకొచ్చింది తాయారు ఒక్కతే.

"ఇంకోసారి లేచావంటే రేపు బస్సెక్కక్కర్లేదు" అన్నారు సారు.

మైదానం అంచున కుర్చీలో, కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, ఝాన్సీ అంతా చూస్తోంది.

పిల్లలు మళ్లీ అరచేతులకు ముగ్గు పిండి పులుముకున్నారు. ఫోన్లలో లీగ్ ఆటల వీడియోలు చూసి అంటించుకున్న పిచ్చి ఇది. గీతల కోసం తెచ్చిన బస్తా సగం వీళ్ల చేతులకే పోతోందని సారు గొణుగుతారు గానీ ఆపరు. నీలం జెర్సీల మీద తెల్లటి చేతులు పడుతుంటే ఆయనకీ ముచ్చటగానే ఉంటుంది.

ఆ చేతుల్ని చూడగానే తాయారుకి ఒక ఉపాయం తట్టింది. తమ జట్టు వంతు మళ్లీ వచ్చేసరికి పక్క గడి సుహాసినిని పిలిచింది.

"ఒసే, నా ఈపు సుబ్బరంగా దులుపు. ఈసారి ముద్ర పడితే సారుకి సూపిస్తాను. నువ్వు నా ఎనకవేపే సూస్తా కూకుంతావు కదా, ఎవులొస్తారో కనిపెట్టు."

సుహాసిని మరక లేకుండా దులిపింది. పక్కపక్క గడుల వాళ్లు చెరోవైపు తిరిగి కూర్చుంటారు కాబట్టి, తాయారు వెనక ఏం జరిగినా ముందు కనిపించేది సుహాసినికే.

ఆట మొదలైంది. సరుగుడు తోట వెనక పొద్దు దిగుతోంది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తాయారు రెండు చేతులూ ముందు నేల మీద ఆనించి, పళ్లు బిగించి కూర్చుంది. ఏమైనా సరే లేవకూడదనుకుంది.

వీపు మీద చెయ్యి పడింది. చల్లటి చెయ్యి. "ఖో" అని చెవి పక్కనే మెల్లగా వినిపించింది.

అలవాటైన ఒళ్లు ఆగలేదు. లేచి పరుగెత్తింది. విజిల్ మోగింది.

రాగసుధ ఇంకా ఆ చివరే ఉంది.

"బయటికి రా" అన్నారు సారు.

తాయారుకి భయం వేసింది. ఆ గడిలో దెయ్యం ఉండడానికి వీల్లేదు. అది ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయినా జట్టులో చోటు పోతుందన్న దిగులు ఆ భయాన్ని మించిపోయింది.

"నాను అబద్దమాడనేదు సార్. కావాలంటే నా ఈపు సూడండి. సుహాసినీ, నువ్వు సెప్పు."

సుహాసిని లేవలేదు. గడిలోనే ముడుచుకు కూర్చుని ఉంది.

"ఎవులూ రానేదు సార్" అంది. "మనిసి నేదు. ముద్ర మాత్రం పడింది. పడతన్నప్పుడు నాను సూసినాను."

సారు తాయారుని వెనక్కి తిప్పారు. దులిపిన నీలం బట్ట మీద తెల్లగా, తాజాగా, ఒకే ఒక కుడిచెయ్యి. నవ్విన పిల్లలంతా చూడ్డానికి చుట్టూ మూగారు.

"సూసినారా సార్? ఖో వస్తేనే లేసినాను" అంది తాయారు. ఆ క్షణాన ఆమెకి భయం కూడా పోయింది. అందరూ తనని నమ్మారు, అంతే చాలు.

ఝాన్సీ చంక కర్రల మీద కుంటుకుంటూ దగ్గరికొచ్చింది. ఆ ముద్రని చాలాసేపు చూసింది.

"నాకు ఖో ఇచ్చినదీ ఈ సెయ్యే సార్" అంది. "ఆ రోజు ఇంటికెళ్లి జెర్సీ ఇప్పితే ఇలాగే ఉన్నాది. సిటికెనేలు సగమే పడితే, ముగ్గు సరిగ్గా అంటనేదనుకున్నాను."

తాయారు కుడిచేతిని మెల్లగా జెర్సీ కిందికి లాక్కుంది.