విడి పంపు

పాత పెట్రోలు లాంతర్లంటే పడిచచ్చే రిటైర్డు ఫిట్టరుకు తన చేతుల మీద కొండంత నమ్మకం. రాత్రి కరెంటు పోగానే, టార్చి లేకుండానే లాంతర్ల గదిలోకి నడిచాడు.

"ఎక్కడైనా తట్టుకుని పడతారు," అంది భార్య గుమ్మం దగ్గరే ఆగి.

"నా పిల్లలు నాకు తెలీరా ఏంటే! చూడు, ఇది అందరికన్నా చిన్నది. పుల్ల గీస్తే చాలు, వెలుగుతుంది. దీని అక్కకి వెలిగించే ముందు మెడ వేడి చెయ్యాలి. పంపు మాత్రం ట్యాంకులోనే ఉంటుంది. ఇదిగో, ఈ చివర్ది వీళ్ల తాతమ్మ. దీని పంపు విడిగా గోడ మేకుకి వేలాడుతుంటుంది. ఒకరు లాంతరు పట్టుకుంటే ఇంకొకరు గాలి కొట్టాలి. ఇవాళ దీన్నే వెలిగిద్దాం, రా."

"ఆ చీకట్లోకా? నేను రాను బాబూ."

నవ్వుకుంటూ తాతమ్మను రెండు చేతులా ఎత్తి, గోడ పక్కనే కింద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. ట్యాంకు వెచ్చగా తగిలింది. పగలంతా ఎండ పడ్డ గోడ పక్కనుంది కదా అనుకున్నాడు. పంపు కోసం గోడ తడిమాడు. మేకు బోసిగా ఉంది.

"పంపు నువ్వు తీశావా?"

"నేనెందుకు ముట్టుకుంటాను?"

ఒళ్లో లాంతరు చిన్నగా ఊగింది. పడిపోతుందేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. బుస్సుమని ట్యాంకులోకి గాలి వెళ్లింది. కాసేపాగి మళ్లీ బుస్సుమంది. కొట్టేవాళ్లకు తొందరేమీ లేనట్టుంది.

"అమ్మయ్య," అంది భార్య గుమ్మంలోంచి, "పంపు దొరికిందన్నమాట. కానివ్వండి."