దిండుకు ట్రైనింగ్

సోఫా కింద దూరిన కుక్కపిల్ల మూడు గంటలైనా బయటికి రాలేదు.

"షోలో కప్పు కొట్టే కుక్కను తెస్తానని చెప్పి, ఈ పిరికిగొడ్డును తెచ్చావేమే?" అంది అత్తగారు, అదే సోఫాలోంచి కదలకుండా.

"కార్గీ జాతి కుక్కలు మహా చలాకీ అత్తయ్యా. వీడికొక్కడికే మనుషులంటే భయం" అంది కోడలు. "నాలుగు నెలల్లో డాగ్ షో ఉంది. జడ్జిగారు పళ్ళు చూస్తుంటే బల్లమీద కదలకుండా నిలబడాలి. కప్పు రాకపోయినా సరే గానీ, అక్కడ కూడా ఇలా దాక్కున్నాడంటే వెనక్కి ఇచ్చెయ్యాల్సిందే. వీణ్ణి పెంచి మనకిచ్చినాయన షరతు అది."

"మరి ఎవరు నేర్పుతారట?"

"నాకు ఆఫీసు. మీ అబ్బాయికి తన సాక్సులే దొరకవు. ఇక ఇంట్లో మిగిలింది..."

అత్తగారు గోడ వైపు చూసింది.

సాయంత్రానికి పిల్ల బయటికొచ్చింది. పొడుగాటి ఒళ్ళు, దాని కింద నాలుగు పొట్టి కాళ్ళు. కుట్టినవాడు గుడ్డంతా ఒంటికే వాడేసి, కాళ్ళ దగ్గరికొచ్చేసరికి చాలక ఆపేసినట్టుంది. అత్తగారే పేరు పెట్టింది, దిండు అని.

మర్నాడు కోడలు ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం తగిలించింది. పైభాగం వెనక్కి మడిచి, క్యారెట్ బొమ్మ అయస్కాంతంతో నొక్కిపెట్టింది.

"ఇందులో ఉన్నట్టు జరిగితే చాలు అత్తయ్యా."

అత్తగారు వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. పొద్దున అరగంట నడక. రోజుకు ముగ్గురు కొత్తవాళ్ళతో పలకరింపు. మెట్లు వద్దు. ఉప్పు తగ్గించాలి. మధ్యాహ్నం గంటకు మించి నిద్ర వద్దు. గదిలో ఒంటరిగా వదలకూడదు. రోజుకు ఒకసారైనా నవ్వించాలి.

"కుక్కను నవ్వించడమేమిటే, నీ దుంప తెగ!"

"జడ్జిగారి ముందు ముఖం ప్రసన్నంగా ఉండాలట."

"మెట్లెందుకు వద్దూ?"

"నడుం పొడుగు కదా. పట్టేస్తుందట."

దిండు ఒంటరిగా గడప దాటదు. తప్పక అత్తగారు మంచం కిందినుంచి చెప్పులు లాగింది. ఎడమ చెప్పులో సాలీడు కాపురం పెట్టుకుని ఉంది.

మొదట దొరికినవాడు వాచ్‌మన్.

"ఇదిగో బాబూ, వీడి నోరు తెరిచి పళ్ళు చూడు."

"నేనెందుకమ్మా?"

"నువ్వు జడ్జివి."

"నేను వాచ్‌మన్‌ని."

"అబ్బో, పళ్ళు చూడ్డానికి పెద్ద చదువు కావాలేం! చూడు!"

తర్వాత ప్లంబరు, కొరియరు మనిషి, టైలరు. నెల తిరిగేసరికి ఆ వీధిలో దిండు పళ్ళు లెక్కపెట్టనివాళ్ళు లేరు. ఇరవై ఎనిమిదని టైలరు, కాదు ముప్పై అని ప్లంబరు. ఆ పంచాయితీ బస్టాపు దాకా వెళ్ళింది. చివరికి దిండును అక్కడికే మోసుకెళ్ళి, అందరిముందూ లెక్కపెట్టించి, టైలరును గెలిపించి వచ్చింది అత్తగారు. రెండో నెలకల్లా, కొత్త మనిషి కనిపిస్తే చాలు, దిండు తనంతట తానే నోరు తెరిచేది.

ఉప్పు మానేసిన పిల్లాడి ముందు చిప్సు నమలడానికి ఆవిడకు మనసొప్పలేదు. ప్యాకెట్టు కోడలి చేతిలో పెట్టేసింది. మధ్యాహ్నం దిండును నిద్రపోనివ్వకూడదు కాబట్టి, తానూ మేలుకుని తన తోడికోడళ్ళ సంగతులు మొదలుపెట్టేది. దిండు ఒక చెవి వాల్చి వినేది. ఆ ఇంట్లో మధ్యలో లేచి వెళ్ళిపోకుండా ఆ కథలు విన్నది అదొక్కటే.

నవ్వించడం మాత్రం గండమైపోయింది. ఒకరోజు తలకు తువ్వాలు చుట్టి, చేతిలో చీపురు పట్టి చిందులేసింది. దిండు ఆవలించింది. ఎదురు కిటికీలో పక్కింటావిడ నవ్వాపుకోలేక గ్రిల్లు పట్టుకుంది. ఆవిడను చూసి అత్తగారూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"దిండు నవ్వలేదుగా అత్తయ్యా?" అంది కోడలు సాయంత్రం.

"ఎవరు నవ్వాలో కాగితంలో రాయలేదు" అంది అత్తగారు.

షో రోజు రానే వచ్చింది. బల్ల దగ్గరి గుమాస్తా ఫారం నింపుతూ, "వయసెంతమ్మా?" అన్నాడు.

"డెబ్బై ఒకటి."

"కుక్కదమ్మా!"

"అలా అడుగు మరి. ఏడు నెలలు."

జడ్జిగారు వచ్చారు. దిండు బల్లమీద కదలకుండా నిలబడింది. ఆయన ఇంకా చెయ్యి చాపకముందే నోరు బార్లా తెరిచింది. జడ్జిగారు తల ఊపారు. కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇక మిగిలింది ఒక్క చుట్టు పరుగు. దిండు సగం దూరం బాణంలా వెళ్ళింది. అప్పుడు కంటపడ్డారు, ముందు వరుసలో కూర్చున్న నలభైమంది కొత్తవాళ్ళు! అంతే, గీత దాటింది. ఒక్కొక్కరి ముందూ ఆగి, నోరు తెరిచి, పళ్ళు చూపించి, పక్కవాళ్ళ దగ్గరికి జరిగింది.

కార్గీల పోటీలో ఉన్నవి ఆరు కుక్కలు. దిండుది ఆరో స్థానం.

"దాక్కున్నాడా? లేదే! షరతు దాక్కోకూడదనేగా!" అంది అత్తగారు, దిండును చంకలో ఇరికించుకుని. "వీడిని ఇచ్చేస్తే నేనూ వీడి వెంటే పోతా."

"ఇవ్వను లెండి. ఇచ్చేశాక మీ ఇద్దరినీ తిరిగి తెచ్చుకోవడం నా వల్ల కాదు."

తీరా బయల్దేరేసరికి అత్తగారు కనిపించలేదు. అరగంట వెతికితే బిస్కెట్ల కొట్టు వెనక దొరికింది. పదకొండుమంది కుక్కలవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, రెండో తోడికోడలి కథ దాకా వచ్చింది.

ఇల్లు చేరగానే, ఆరో స్థానం సంగతి వీధంతా చెప్పి రావాలని అత్తగారు దిండుతో లిఫ్టెక్కింది. కోడలు వంటింట్లోకి వెళ్ళి క్యారెట్ అయస్కాంతం తీసింది. కాగితం పైమడత విప్పి, చేత్తో సాపు చేసి, బీరువాలోని ఫైలులో పెట్టింది.

మడతలో దాగిన మొదటి వరుసలో, ఆసుపత్రి పేరు కింద, 'పేషెంటు వయసు: డెబ్బై ఒకటి' అని ఉంది.