దారి తెలిసిన ప్యాంటు

తొడుక్కుంటే చాలు, కాళ్లను తామే నడిపించే ప్యాంట్లు వచ్చాక కాళ్ల నొప్పులు తప్పకపోయినా సింహాచలం గిరిప్రదక్షిణ అందరికీ సులువైపోయింది. ఈసారి సన్యాసయ్యకు డ్యూటీ పడింది. ఇంటి మొక్కు తప్పకూడదని భార్య పైడమ్మ అతని ప్యాంటు తొడుక్కుని బయల్దేరింది. ఏటా తిరిగే దారి దానికి కంఠతా వచ్చు కదా!

కొబ్బరికాయ కొట్టగానే ప్యాంటు జనాన్ని వదిలి పక్కసందులోకి తిరిగింది. పైడమ్మ ఎంత గింజుకున్నా ఆగక, బజ్జీల కొట్టు బల్ల మీద ఆమెను కూలబడేసింది.

“లెగవేటే?” అని ప్యాంటును కసిరింది పైడమ్మ.

కొట్టువాడు ప్యాంటును గుర్తుపట్టి నవ్వాడు. “సాయంత్రం దాకా అది లెగదమ్మా. సన్నాసయ్య బావు ఏటా ఇక్కడే కదా, పేకాట!”

ఇల్లు చేరిన పైడమ్మ, ఏటా తను మొగుడి కాళ్లు పిసికే మంచం మీదే వాలింది.

“కాళ్లు బాగా నొప్పులేటే?” అన్నాడు సన్యాసయ్య జాలిగా.

“ఏటా నీకెంత నొప్పులో నాకూ అంతే. నూనె తే,” అంటూ కాళ్లు చాచింది.