గీతకు గీత

డిజైనర్ కిటికీలోంచి చూస్తోంది. కింద వీధిలో ఆమె కొత్త శాలువాలు బండికెక్కుతున్నాయి. అంతలో నాన్న మెట్లెక్కి వచ్చాడు. ఒంటి మీద అడవి గార్డు యూనిఫాం లేదు.

"డేగ పిల్లల్ని ఎత్తుకుపోయారమ్మా. గూడు జాడ నేనే చెప్పుంటానని సస్పెండ్ చేశారు."

ఆ గూడు సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

"నేనెవరికీ చెప్పలేదు నాన్నా, ఒట్టు! నన్నే అనుమానిస్తావా?"

నాన్న సంచీలోంచి బురదకొట్టుకుపోయిన శాలువా ఒకటి తీశాడు. కిందటేడు ఆమెకు పేరు తెచ్చిన డేగ శాలువా. అంచు పొడవునా కొండల వరస.

"గూడు కింద దొరికింది."

"సగం ఊరు ఇదే కప్పుకు తిరుగుతోంది. అది నా తప్పా?"

"నేనూ అలాగే సర్దిచెప్పుకున్నా. తిరిగొస్తూ దారిలో ఆగి, ఊరికే ఈ అంచును కొండలకేసి చాపి చూశాను. కలవలేదు. అలా పట్టుకునే వెనక్కి నడిచాను. గీతకు గీత కలిసిన చోట తలెత్తితే, నెత్తిమీదే గూడు."



"గీస్తే ఉన్నదున్నట్టు గీయమని చిన్నప్పట్నుంచీ చెప్పింది నువ్వే కదా నాన్నా!"

"నేనేనమ్మా."

ఆయన పక్కనున్న బొమ్మకు కప్పిన కొత్త శాలువాను పట్టుకున్నాడు. దాని మీద వాగు మెలికలు తిరుగుతోంది. ఆయన వేలు ఆ వాగు వెంటే నడిచి, ఒక మలుపు దగ్గర ఆగిపోయింది.

"నీటికుక్కల బొరియ ఇక్కడే కదూ?"

కింద బండి కదిలింది.