గోడ పక్క అడవి ఆవాలు

కోత పండగకు చర్చిలో పెట్టాల్సిన తన క్యాబేజీలు సగం ముడుచుకుపోయేసరికి, పక్కింట్లో ఉండే మా బావమరిది జోజి కొడవలి పట్టుకుని నా గోడ దూకాడు.

"బావా, నీ అడవి ఆవాలు కోసేత్తాను!"

"సెయ్యేత్తే ఇరిసేత్తాను. మీ అక్క పోతూ నాకొదిలిన పూలియి. అయినా వీటికేటి రోగం? నిగనిగలాడతన్నాయి."

"అదే కదా! ఆకు ముడత వైరస్ వీటిలోనే కాపరముంతాదట. పేనుబంక పురుగు దాన్ని మోసుకొచ్చి నా క్యాబేజీకి అంటిత్తాదట. వీటికి మాత్రం ఏటీ అవదు."

జోజి నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వాడు. "అచ్చం నీలాగే బావా! నువ్వు బాగానే ఉంతావు. పక్కనోళ్ళే వాడిపోతారు."

నా భార్య రోజూ అనే మాటే అది. ఆమె పోయాక అనేవాళ్ళే లేరు. నాకు నవ్వొచ్చింది.

"కొడవలితో కోత్తే మళ్ళీ మొలుత్తాదిరా, ఎదవా. వేళ్ళతో సహా పీకాలి," అంటూ నేనే ముందు వంగాను.