పసుపుపచ్చ గుర్తు

విశాలాక్షిని చంపింది జబ్బు కాదు. కంప్యూటర్లు బాగుచేసే ఆబిద్ వాళ్ళింటి కంప్యూటర్లో వేసిన నెట్‌వర్క్ డ్రైవర్ అనే ప్రోగ్రాం. వాడు వేసి వెళ్ళిన రోజే నెట్ పోయింది. ఆసుపత్రి వాళ్ళు మెయిల్లో పంపిన రిపోర్టు చూసే దిక్కు లేకపోయింది. సంగతి తెలిసేసరికి ఆవిడ మంచం పట్టింది, మళ్ళీ దిగలేదు. ఆవిడ భర్త రామచంద్రమూర్తికి ఇందులో సందేహం లేదు.

ఇప్పుడు ఆ ఆబిద్‌నే ఇంటికి పిలవాల్సి వచ్చింది.

"మా ఆవిడ మెయిల్ ఈ సాయంత్రం ఐదింటితో తీసేస్తారంట. రెండేళ్ళుగా ఎవరూ తెరవలేదని నా ఫోన్‌కి కబురొచ్చింది," అన్నాడు మూర్తి, కుర్చీ చూపించకుండానే.

పాస్‌వర్డ్ ఆవిడకే తెలుసు. ఆవిడ తరవాత ఈ పాత డెస్క్‌టాప్ ఒక్కదానికే తెలుసు. రిపోర్టు ఏ తేదీన వచ్చిందో ఆ మెయిల్లో ఉంటుంది. ఆ తేదీ చేతికొస్తే ఆబిద్‌ని చోడవరం మెయిన్ రోడ్డు మీద పదిమందిలో నిలబెట్టి అడగాలి. మూర్తి బతుకులో మిగిలిన పని అదొక్కటే.

మూడు రోజులు తనే కుస్తీ పట్టాడు. పరికరాల పట్టీ చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే, నెట్ వైరు తగిలించే లాన్ కార్డు పక్కన పసుపుపచ్చ గుర్తు. దాన్ని నొక్కితే, పరికరం మొదలవలేదు, కోడ్ పది. కొత్త డ్రైవర్ వెతకమంటే, ఉన్నది బాగానే ఉంది పొమ్మంది. నెట్లో వెతకమంటే నెట్ లేదంది. బస్టాండు దగ్గర ఇద్దరు మెకానిక్‌లు విండోస్ సెవెన్ అనగానే నవ్వారు. ఫార్మాట్ కొట్టేస్తామన్నారు. కొడితే పాస్‌వర్డూ పోతుంది.

ఆబిద్ తెరకేసి చూశాడు గానీ మౌస్ ముట్టుకోలేదు.

"ఒగ్గేయండి బాబూ. పాత సామాను. ఇప్పుడెందుకిది?"

"భయవేస్తందేటిరా?"

"వేస్తంది."

"వెయ్యాలి. నువ్వు తవ్విన గొయ్యి నీ చేతే తెరిపిస్తన్నాను. కూకో."

"నా గురించి కాదండీ నా భయం."

"మరెవరి గురించి? నా గురించా? నాకింక పోయేదేటుంది?"

గోడ గడియారం నాలుగున్నర దాటింది. ఈ రెండేళ్ళలో ఏ మనిషినీ బతిమాలని మూర్తి నోరు ఒక్కసారి మెత్తబడింది.

"ఒరే, అరగంటే ఉంది. నీకు దండం పెడతాను. తెరువు."

ఆబిద్ కూర్చున్నాడు. పసుపుపచ్చ గుర్తు మీద నొక్కాడు. డ్రైవర్ పేజీలో 'రోల్ బ్యాక్' అన్నచోట నొక్కాడు. ఖాయమేనా అంటే అవునన్నచోటా నొక్కాడు. అంతే. పాత డ్రైవర్ వెనక్కి వచ్చింది, గుర్తు పోయింది, లాన్ వైరు దగ్గర పచ్చ దీపం కొట్టుకోవడం మొదలెట్టింది.

"మూడు నొక్కులా?" అన్నాడు మూర్తి. "మూడు నొక్కుల పని చెయ్యక మనిషిని చంపేవా? తెలిసే చేసేవా?"

"తెలిసే చేసేనండి."

మూర్తి చెయ్యెత్తాడు. అప్పుడే మెయిల్ తెరుచుకుని తెర మీద విశాలాక్షి పేరు వచ్చింది. ఎత్తిన చెయ్యి దింపి, ఆబిద్‌ని లేపి తను కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. ముందు తేదీ కావాలి. తరవాత వీడి సంగతి.

ఆసుపత్రి మెయిల్ దొరికింది. తేదీ నెట్ పోవడానికి ముందురోజుది. కానీ చదవని మెయిల్లా నల్లటి అక్షరాల్లో లేదు. నెట్ పోకముందే ఎవరో తెరిచి చదివారు.

"ఎవరు తెరిచేరిది?"

"కిందకి జరపండి బాబూ."

జరిపాడు. రోగం మందుకి లొంగే దశ దాటిపోయిందని డాక్టర్లు రాశారు. దాని కింద, ఆ రిపోర్టునే ఆబిద్ దుకాణం మెయిల్‌కి పంపుతూ విశాలాక్షి రాసిన నాలుగు ముక్కలు.

'నాయనా ఆబిద్, రేపొచ్చి మా నెట్ రాకుండా చేసి వెళ్ళు. నేను పోయాక ఆయన ఎవరినో ఒకరిని తప్పు పట్టకుండా బతకలేరు. ఎవరూ దొరక్కపోతే తనమీదే పెట్టుకుని చస్తారు. నిన్ను తిట్టుకోనీ. ఓర్చుకో.'

మూర్తి లేచి, ఆబిద్‌కి కుర్చీ జరిపాడు.

"ఆ పాడు డ్రైవరే మళ్ళీ వెయ్యి. ఆవిడ కోరినట్టే ఉండనీ."

ఆబిద్ వేశాడు. పసుపుపచ్చ గుర్తు వచ్చింది.

"ఈ సంగతి నువ్వెత్తకు," అన్నాడు మూర్తి. "నేను చచ్చినా ఎత్తను."